తూకం ఒకటి చెప్పింది... వెలుగు ఇంకొకటి చెప్పింది!

* 29 ఏళ్లు ఒక్కటే అనుకున్నది రెండని తేలింది
* గ్లీస్ 229 పక్కనున్న మసక గోళం కథ
* తొలిసారి పట్టుకున్న బృందంలో హుబ్బళ్లిలో చదువుకున్న శాస్త్రవేత్త

గాణగాపురం, నర్సోబావాడి దత్త క్షేత్రాలకు వెళ్లొచ్చే మనవాళ్లకు కురుందవాడ పేరు కొత్తేం కాదు. మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లాలో, పంచగంగ వచ్చి కృష్ణలో కలిసే చోటికి దగ్గర్లో ఉంటుందా ఊరు. అక్కడి నీళ్లే కర్ణాటక మీదుగా మన ఆల్మట్టికి, నారాయణపూర్‌కి, ఆ తర్వాత శ్రీశైలానికి చేరేది. ఆ ఊళ్లోనే 1956లో పుట్టారు శ్రీనివాస్ కులకర్ణి. బడి చదువు హుబ్బళ్లిలో సాగింది. రచయిత్రి సుధామూర్తికి తమ్ముడంటే చాలామంది ఇట్టే గుర్తుపడతారు. ఢిల్లీ ఐఐటీలో చదివి, అమెరికాలోని బర్క్‌లీలో 1983లో డాక్టరేట్ చేసి, కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో ఆచార్యుడయ్యారు. ఖగోళ శాస్త్రంలో చేసిన కృషికి 2024లో షా ప్రైజ్ అందుకున్నారు.

అదే 2024లో ఇంకో సంగతి జరిగింది. ముప్ఫై ఏళ్ల కిందట ఆయన, ఆయన సహచరులు కలిసి ఆకాశంలో పట్టుకున్న ఓ వింత గోళం గురించి కొత్త కబురు వచ్చింది. పాఠ్యపుస్తకాలకు ఎక్కిన ఆ గోళం అసలు ఒకటి కాదట... రెండట!

ఇదేదో చిన్న సవరణ అనుకుంటే పొరపాటే. ఆ గోళం బరువు ఒక లెక్క చెబుతుంటే, దాని వెలుగు ఇంకో లెక్క చెప్పడంతో శాస్త్రవేత్తలు కొన్నేళ్లపాటు తలలు పట్టుకున్నారు. తప్పు కాటాదా? సరుకుదా? లేక లెక్క కట్టే సూత్రానిదా? ఆ గొడవ ఎలా తేలిందో చూద్దాం.

గ్రహమూ కాదు... నక్షత్రమూ కాదు

ముందు ఆ గోళం ఏ జాతిదో తెలుసుకోవాలి. మన సౌర కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద గ్రహం గురుడు. ఆయన్ని ఒక బస్తా అనుకుందాం. ఆ లెక్కన సూర్యుడు సుమారు 1,047 బస్తాలు. అంత బరువు ఉంది కాబట్టే సూర్యుడి కడుపులో హైడ్రోజన్ నలిగి, హీలియంగా మారుతూ ఆరకుండా మండుతోంది.

మరి నక్షత్రంలా మండాలంటే కనీసం ఎంత బరువుండాలి? సుమారుగా 75 నుంచి 80 బస్తాలు. అంతకు తగ్గితే హైడ్రోజన్ పొయ్యి నిలకడగా అంటుకోదు. మరోవైపు 13 బస్తాలలోపుంటే మామూలుగా గ్రహాల కిందే లెక్క వేస్తారు. ఈ రెంటికీ మధ్యన ఉండేవే బ్రౌన్ డ్వార్ఫ్‌లు. తెలుగులో గోధుమ మరుగుజ్జులు అంటున్నారు. పుట్టేటప్పుడు నక్షత్రంలాగే వాయువు ముద్దకట్టి పుడతాయి. కానీ పొయ్యి సరిగ్గా అంటుకోదు. పుట్టినప్పటి వేడితోనే కొంతకాలం ఎర్రగా వెలిగి, ఆ తర్వాత మెల్లగా చల్లారిపోతూ ఉంటాయి. కొలిమిలోంచి తీసి పక్కన పడేసిన ఇనుప ముక్కలాగన్నమాట.

ఇలాంటివి ఉండాలని 1960ల మొదట్లోనే కాగితం మీద లెక్కగట్టి చెప్పింది భారత సంతతికి చెందిన శాస్త్రవేత్త శివ్ కుమార్. 1975లో జిల్ టార్టర్ అనే అమెరికా శాస్త్రవేత్త వీటికి బ్రౌన్ డ్వార్ఫ్ అని పేరు పెట్టారు. పేరైతే పెట్టారు గానీ చూసినవాళ్లు లేరు. చల్లటి, మసక గోళాలు కదా... ఓ పట్టాన కనబడవు. 1980ల మధ్యలో ఒకటి దొరికిందని ప్రకటన వచ్చింది. మళ్లీ వెతికితే అది ఉన్న చోట ఏమీ లేదు! దాంతో ఎవరైనా 'దొరికింది' అంటే మిగతావాళ్లు అనుమానంగా చూడడం మొదలెట్టారు.

దీపానికి చెయ్యి అడ్డం పెట్టి...

గ్లీస్ 229 ఒక ఎర్రటి చిన్న నక్షత్రం. జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ గ్లీస్ మనకు దగ్గర్లోని నక్షత్రాలన్నిటికీ జాబితా రాసి 1957లో అచ్చు వేయించారు. అందులో 229వ నంబరుది ఇది. బరువు సూర్యుడిలో సగానికి కాస్త ఎక్కువ. దూరం 18.8 కాంతి సంవత్సరాలు. ఆకాశం లెక్కల్లో ఇది పక్క వీధి కిందే లెక్క.

1994 అక్టోబరులో కాలిఫోర్నియాలోని పాలొమార్ కొండ మీద 60 అంగుళాల టెలిస్కోపుతో ఈ నక్షత్రం పక్కన వెతికారు. తడాషి నకజిమ, కులకర్ణి, అప్పటికి విద్యార్థిగా ఉన్న ఒపెన్‌హైమర్, ఇంకొందరు కలిసి చేసిన పని అది. ఎదురుగా లారీ హెడ్‌లైట్ వెలుగుతుంటే పక్కనున్న మనిషి కనబడడు. చెయ్యి అడ్డం పెట్టుకుంటే కనబడతాడు. వాళ్లు చేసిందీ అదే. కరోనాగ్రాఫ్ అనే పరికరంతో నక్షత్రం వెలుగుకు అడ్డం పెట్టారు. పక్కనే ఓ మసక చుక్క తేలింది.

వెంటనే పత్రికల వాళ్లను పిలిచేయొచ్చు. వాళ్లు పిలవలేదు. ఎందుకంటే ఆ చుక్క ఎక్కడో దూరాన, వెనకాల ఉన్న వేరే నక్షత్రం కావచ్చు కదా! గ్లీస్ 229 ఆకాశంలో మెల్లగా జరుగుతూ ఉంటుంది. చుక్క దానికి తోడైతే దానితోపాటే జరగాలి. లేదంటే వెనకబడిపోవాలి. అది తేలాలంటే ఏడాది ఆగాల్సిందే. ఆగారు. 1995లో మళ్లీ చూస్తే రెండూ కలిసే జరిగాయి. తోడేనని రూఢి అయింది.

ఇంకో సాక్ష్యం దాని వెలుగులోనే దొరికింది. పాలొమార్‌లోనే ఉన్న 200 అంగుళాల పెద్ద టెలిస్కోపుతో ఆ వెలుగును విడగొట్టి చూస్తే మీథేన్ జాడ కనబడింది. మీథేన్ అంటే మన గోబర్ గ్యాస్‌లో మండేది అదే. నక్షత్రాల వేడికి మీథేన్ నిలవదు, విడిపోతుంది. గురుగ్రహం మీద మాత్రం ఉంటుంది. అంటే ఈ గోళం నక్షత్రం అనడానికి వీల్లేనంత చల్లగా ఉందన్నమాట. చల్లగా అంటే మన చల్లదనం కాదండోయ్... సుమారు 600 నుంచి 700 డిగ్రీల సెల్సియస్! అయినా నక్షత్రాలతో పోలిస్తే చల్లనే. దాని మొత్తం వెలుగు సూర్యుడి వెలుగులో లక్షో వంతు కూడా లేదు.

1995 అక్టోబరులో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జరిగిన సదస్సులో ఈ సంగతి బయటపెట్టారు. చిత్రమేమిటంటే, సూర్యుడిలాంటి మరో నక్షత్రం చుట్టూ తిరిగే తొలి గ్రహాన్ని కనిపెట్టామని మేయర్, కెలోజ్ ప్రకటించిందీ అదే సదస్సులో. వాళ్లిద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది. ఆ ఏడాదే కృత్తికల గుంపులో టీడె 1 అనే మరో బ్రౌన్ డ్వార్ఫ్‌ను స్పెయిన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. కానీ మీథేన్ జాడతో, ఎవరూ కాదనలేని విధంగా దొరికింది మాత్రం గ్లీస్ 229బి. అప్పటినుంచి బ్రౌన్ డ్వార్ఫ్ అంటే మొదట చూపించే బొమ్మ దానిదే అయింది.

పెట్రోమాక్స్ బరువు... బుడ్డిదీపం వెలుగు

దాని బరువెంత? 1995లో కాటా వేసే వీలు లేదు. వెలుగును బట్టి అంచనా కట్టారు. సుమారు 20 నుంచి 50 బస్తాలు అన్నారు. వెలుగును బట్టి బరువు ఎలా తెలుస్తుందంటారా? పెళ్లిలో గుండిగ నిండా కాచిన నీళ్లూ, గ్లాసుడు నీళ్లూ పక్కపక్కన పెడితే ఏది ముందు చల్లారుతుంది? గ్లాసే కదా. బ్రౌన్ డ్వార్ఫ్‌లూ అంతే. బరువైనది ఎక్కువ కాలం వేడిగా ఉంటుంది. కాబట్టి వయసు తెలిసి, వెలుగు తెలిస్తే, చల్లారే సూత్రం ప్రకారం బరువు చెప్పొచ్చు.

అసలు కాటా తర్వాత దొరికింది. బరువైన తోడు చుట్టూ తిరుగుతుంటే నక్షత్రం కూడా కదలకుండా ఉండలేదు. కొంచెం ఊగుతుంది. బిందె నీళ్లు చంకన పెట్టుకున్న మనిషి ఓ పక్కకు ఒరిగి నడిచినట్టు! ఆ ఒరగడం ఎంతో కొలిస్తే బిందె బరువు తెలిసిపోతుంది. యూరప్ వాళ్ల హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుంచి 1993 దాకా నక్షత్రాల చోట్లను కొలిచింది. 2013లో వెళ్లిన గయా ఉపగ్రహం ఇంకా సన్నంగా కొలిచింది. పాతికేళ్ల తేడాతో దొరికిన ఆ రెండు కొలతలకు హవాయి దీవిలోని కెక్ టెలిస్కోపు కొలతలు కూడా కలిపి అమెరికాకు చెందిన తిమోతీ బ్రాంట్ బృందం 2020, 2021ల్లో లెక్క తేల్చింది.

కాటా చెప్పిన బరువు... 71 బస్తాలు!

ఇక్కడే చిక్కొచ్చింది. 71 అంటే నక్షత్రం అయ్యే గీతకు దాదాపు ఆనుకుని ఉన్నట్టు. అంత బరువున్న గోళం గుండిగలాంటిది. ఇంకా బాగా వెలుగుతూ ఉండాలి. కానీ కనబడేది మసక వెలుగు. మాటల్లో చెప్పాలంటే, మోస్తే పెట్రోమాక్స్ బరువుంది, చూస్తే బుడ్డిదీపం వెలుగుంది.

ఎందుకంత కంగారు?

ఒక్క గోళం వెలుగు కాస్త తగ్గితే ఏమైందని మనం అనుకోవచ్చు. కానీ ఆకాశంలో ఒంటరిగా తిరిగే బ్రౌన్ డ్వార్ఫ్‌లు బోలెడున్నాయి. వాటి పక్కన ఊగే నక్షత్రం ఉండదు కాబట్టి కాటా వేసే దారి లేదు. చల్లారే సూత్రాన్ని నమ్ముకుని, వెలుగును చూసి బరువు చెప్పాల్సిందే. వేరే నక్షత్రాల చుట్టూ ఫొటోలకు చిక్కిన పెద్ద గ్రహాల బరువులు చాలావరకు చెప్పేదీ అలాగే. ఇప్పుడా సూత్రం మొట్టమొదటి బ్రౌన్ డ్వార్ఫ్ దగ్గరే తప్పితే మిగతా లెక్కల మాటేమిటి?

మూడు దారులు కనబడ్డాయి. ఒకటి, తూకంలో తప్పు జరిగి ఉండాలి. కానీ ఎన్నిసార్లు వేసినా అదే బరువు. రెండు, చల్లారే సూత్రంలోనే లోపం ఉండాలి. అదే నిజమైతే దశాబ్దాల పని తిరగరాయాలి. మూడోది... అసలు అది ఒకటి కాకపోతే? రెండు గోళాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని తిరుగుతుంటే? కాటా మీద రెండూ కలిపి 71 తూగుతాయి. కానీ ఒక్కోటి చిన్నది కాబట్టి ఎప్పుడో చల్లారి మసకగా ఉంటుంది. రెండు బుడ్డిదీపాల్ని ఒకే సంచిలో వేసి తూచినట్టన్నమాట. జంట కావచ్చన్న అనుమానం 2021లోనే వ్యక్తమైంది. అయితే అనుమానం వేరు, రుజువు వేరు.

నాలుగు కళ్లు కలిపి చూస్తే...

రుజువు కోసం కాల్‌టెక్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్న జెర్రీ షువాన్ బృందం దక్షిణ అమెరికాలోని చిలీ దేశం వైపు చూసింది. అక్కడ ఎడారిలో, పరనాల్ కొండ మీద యూరప్ దేశాల వాళ్లవి 8 మీటర్ల పైచిలుకు వెడల్పున్న టెలిస్కోపులు నాలుగున్నాయి. గ్రావిటీ అనే పరికరం ఆ నాలుగింటి వెలుగునూ ఒకచోట కలుపుతుంది. అప్పుడవి విడివిడిగా పట్టలేనంత సన్నటి వివరం పట్టుకుంటాయి. అలా చూసేసరికి ఒక చుక్క కాస్తా రెండుగా విడిపోయింది.

అక్కడితో ఆగలేదు. అదే కొండ మీదున్న మరో పరికరంతో వాటి వేగాలు కూడా కొలిచారు. మన వైపు వచ్చే వెలుగుకూ, దూరం వెళ్లే వెలుగుకూ చిన్న తేడా ఉంటుంది. వచ్చే రైలు కూతకూ, వెళ్లే రైలు కూతకూ తేడా ఉన్నట్టే. రెండు పద్ధతులూ ఒకే మాట చెప్పాయి. 2024 అక్టోబరు 16న నేచర్ పత్రికలో ఈ పరిశోధన వచ్చింది. కెక్ టెలిస్కోపుతో శామ్యూల్ వైట్‌బుక్ బృందం విడిగా చేసిన పరిశీలన కూడా జంటేనని తేల్చింది.

ఒకటి సుమారు 38 బస్తాలు. రెండోది సుమారు 34. కలిపితే 72. కొలతల్లో ఉండే చిన్నపాటి తేడా పోను, పాత తూకంతో సరిపోయింది. వెలుగూ సరిపోయింది. కాటా తప్పలేదు. సూత్రం గట్టెక్కింది. తప్పల్లా రెంటిని ఒకటిగా చూసిన మన చూపుదే.

ఈ జంట సంసారం చూస్తే ముచ్చటేస్తుంది. ఒకదాని చుట్టూ ఒకటి 12 రోజులకోసారి తిరిగొస్తాయి. వాటి మధ్య దూరం భూమికీ చందమామకూ ఉన్న దూరానికి 16 రెట్లు మాత్రమే. ఒక్కోటి గురుడంత వెడల్పుండే గోళాలకు అది బాగా దగ్గర కిందే లెక్క. అలా తిరుగుతూనే రెండూ కలిసి తమ ఎర్ర నక్షత్రాన్ని సుమారు 250 ఏళ్లకోసారి చుట్టొస్తాయి. ఇంత దగ్గరగా ఇవెలా పుట్టాయన్నది ఇంకా తేలాల్సిన ముచ్చట. నక్షత్రం పుట్టినప్పుడు చుట్టూ ఉన్న వాయువు పళ్లెం ముక్కలై రెండు ముద్దలుగా మారి ఉండొచ్చని ఒక ఊహ.

కనిపెట్టినవారే దిద్దుకున్నారు

ఈ కథలో మెచ్చుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. 1995లో విద్యార్థిగా ఆ గోళాన్ని పట్టుకున్న బృందంలోని రెబెకా ఒపెన్‌హైమర్ ఇప్పుడు న్యూయార్క్‌లోని అమెరికా ప్రకృతి చరిత్ర మ్యూజియంలో శాస్త్రవేత్త. అది జంట అని తేల్చిన 2024 పరిశోధనలో ఆమె కూడా భాగస్వామే. తాము పేరు తెచ్చుకున్న పనిని మళ్లీ విప్పి చూడడానికి వెనకాడలేదు. అప్పట్లో ఏడాది ఆగి రూఢి చేసుకున్న పద్ధతీ, ఇప్పుడు దిద్దుకున్న పద్ధతీ ఒకటే. 1995లో వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. అక్కడ బ్రౌన్ డ్వార్ఫ్ ఉందన్నారు, ఉంది. పక్కన ఇంకోటి కూడా ఉందని చూడగల కన్ను అప్పటికి లేదు, అంతే.

మన బళ్లలో లెక్క కుదరకపోతే పిల్లలు జవాబు చెరిపేసి పక్కవాడి జవాబు రాసేసుకోవడం మామూలే. ఈ శాస్త్రవేత్తలు కుదరని లెక్కను చెరపలేదు, దాచలేదు. కుదరడం లేదని 2020, 2021ల్లోనే అచ్చు వేయించి పదిమందికీ చెప్పారు. అలా చెప్పబట్టే ఇంకొకరు వెళ్లి చూడగలిగారు. రాయచూరు, బళ్లారి, సోలాపూర్, హుబ్బళ్లి బళ్లలో సైన్సు చెప్పే మన మాస్టార్లు పిల్లలకు చెప్పదగ్గ పాఠం ఇది. అందులోనూ, ఈ కథలో ఒక కొస కృష్ణ ఒడ్డునే ఉంది మరి.

మీరూ చూడొచ్చు... ఇలా!

* ఎప్పుడు: ఫిబ్రవరి మొదటి వారంలో రాత్రి 9, 10 గంటల మధ్య. చందమామ లేని రోజైతే మేలు.

* ఎటు: దక్షిణం వైపు తిరిగి నిలబడండి. తల పైకెత్తితే వరుసగా మూడు చుక్కలు కనబడతాయి. వాటి వరుసలోనే ఎడమవైపు, కిందికి చూపు సాగిస్తే ఆకాశంలోకెల్లా బాగా మెరిసే నక్షత్రం వస్తుంది. అదే సిరియస్.

* ఎంత దూరం: చెయ్యి చాచి పిడికిలి బిగించండి. సిరియస్ నుంచి కుడివైపు, కొంచెం కిందికి ఆ పిడికిలంత దూరం జరగండి. గ్లీస్ 229 ఉన్న చోటు అదే.

* ఏం కనబడుతుంది: ఉత్త కంటికి ఏమీ కనబడదు. ఊరి దీపాలకు దూరంగా, పొలం గట్టు మీదకెళ్లి మంచి బైనాక్యులర్‌తో, నక్షత్రాల పటం పక్కన పెట్టుకుని చూస్తే ఎర్ర నక్షత్రం చిన్న చుక్కలా దొరకొచ్చు. జంట గోళాలు మాత్రం పెద్ద టెలిస్కోపులకే చిక్కుతాయి.

* గుర్తుంచుకోండి: మీ కంట్లో పడే ఆ వెలుగు దాదాపు 19 ఏళ్ల కిందట అక్కణ్నుంచి బయలుదేరింది. అప్పటికి ఆ మసక గోళం రెండని భూమ్మీద ఎవరికీ తెలియదు!